ఇంగ్లండ్‌లో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఎలా అడగాలి: పడ్డ రోజు నుంచి డబ్బు చేతికొచ్చే దాకా

కింద పడి లేచాక ఎవరైనా "ఆర్ యూ ఓకే?" అని అడిగితే చాలు, మోచెయ్యి మండిపోతున్నా సరే, మనవాళ్ల నోట్లోంచి "ఐయామ్ ఫైన్" అని వచ్చేస్తుంది. నేనూ అలాగే అన్నాను. లెస్టర్ దగ్గర ఒక వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ చేస్తున్న రోజుల్లో, పైకప్పు నుంచి కారిన నీళ్ల మీద కాలు జారి, కుడి అరచెయ్యి నేలకి కొట్టుకునేలా పడ్డాను. సూపర్‌వైజర్ యాక్సిడెంట్ బుక్ తెచ్చి రెండు లైన్లు రాసి సంతకం పెట్టమంటే చదవకుండా పెట్టేశాను. అందులో ఏం రాశాడో నాలుగు నెలల తర్వాత గానీ చూడలేదు: "తొందరలో కాలు తట్టుకుని పడ్డాడు, గాయం లేదు." నీళ్ల ఊసే లేదు. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు, రెండో ఎక్స్‌రేలో బొటనవేలి కింద మణికట్టు దగ్గరుండే చిన్న ఎముక విరిగిందని తేలింది. ఆ రెండు లైన్లు తప్పని చూపించడానికి ఏడాదిన్నర పట్టింది.

అందుకే ఇది రాస్తున్నాను. ఇక్కడి చట్టం నొప్పికి విలువ కడుతుంది, కాకపోతే ఆ నొప్పి ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉండాలి. కింద చెప్పేదంతా ఇంగ్లండ్, వేల్స్‌కి వర్తిస్తుంది. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లండ్‌లకి చట్టాలు వేరు, అక్కడ ఉన్నవాళ్లు అక్కడి సొలిసిటర్‌నే, అంటే లాయర్‌నే అడగండి.

అసలు మీకు క్లెయిమ్ ఉందా

దెబ్బ తగిలినంత మాత్రాన డబ్బు రాదు. మూడు విషయాలు కలవాలి: అవతలివాళ్లకి మీ భద్రత చూసే బాధ్యత ఉండాలి, వాళ్లు ఆ బాధ్యతలో నిర్లక్ష్యం చేసి ఉండాలి, ఆ నిర్లక్ష్యం వల్లే మీకు గాయం అయి ఉండాలి. డ్రైవర్‌కి రోడ్డు మీద ఉన్న అందరి పట్ల, యజమానికి ఉద్యోగుల పట్ల, షాపువాళ్లకి లోపలికి వచ్చినవాళ్ల పట్ల ఈ బాధ్యత ఉంటుంది. క్రిమినల్ కేసులోలాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయక్కర్లేదు, "ఇలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువ" అని జడ్జికి అనిపిస్తే సరిపోతుంది. అంటే 51 శాతం అయినా చాలు.

మన దగ్గర యాక్సిడెంట్ అనగానే ఎఫ్‌ఐఆర్, తర్వాత ట్రైబ్యునల్ అని ఆలోచిస్తాం. ఇక్కడ రోడ్డు ప్రమాదాలకి విడిగా ట్రైబ్యునల్ లేదు. పోలీసులు అవతలివాడి మీద కేసు పెట్టకపోయినా మీ సివిల్ క్లెయిమ్ ఆగిపోదు. చాలామంది "పోలీసులే వదిలేశారు, ఇంకేం వస్తుంది" అని మానేస్తారు, అది పొరపాటు. డబ్బు దాదాపు ఎప్పుడూ అవతలివాళ్ల ఇన్సూరెన్స్ కంపెనీ నుంచే వస్తుంది, కేసుల్లో ఎక్కువ భాగం కోర్టు గుమ్మం ఎక్కకుండానే సెటిల్ అవుతాయి.

ఆ రోజే చేయాల్సిన పనులు

రోడ్డు మీద అయితే బండి నంబర్, డ్రైవర్ పేరు, అడ్రస్, ఇన్సూరెన్స్ వివరాలు తీసుకోండి. ఎవరికైనా గాయమైతే ఆగి వివరాలు ఇవ్వడం 1988 రోడ్ ట్రాఫిక్ చట్టం ప్రకారం డ్రైవర్ బాధ్యత. ఆగకుండా పోయినా, ఇన్సూరెన్స్ లేకపోయినా ఆశ వదులుకోవద్దు, అలాంటివాటి కోసమే మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో అని ఒక సంస్థ ఉంది, దానికి క్లెయిమ్ పెట్టొచ్చు. గుద్ది పారిపోయిన కేసుల్లో మాత్రం వెంటనే పోలీసులకి చెప్పి రిఫరెన్స్ నంబర్ తీసుకోండి, బ్యూరో ముందు అడిగేది అదే. సాక్షులు ఉంటే ఫోన్ నంబర్ అక్కడే, వాళ్లు బస్సెక్కి వెళ్లిపోకముందే అడగాలి. ఇంగ్లండ్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లని నంబర్ అడగాలంటే మొహమాటంగా ఉంటుంది, నాకూ ఉంటుంది, అయినా అడగండి.

"సారీ" అన్నందుకు కేసు పోతుందేమోనని టెన్షన్ పడకండి. 2006 కాంపెన్సేషన్ చట్టం ప్రకారం కేవలం క్షమాపణ చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు. "తప్పు నాదే" అనే మాట మాత్రం అనొద్దు.

పనిలో అయితే యాక్సిడెంట్ బుక్‌లో రాయించండి, రాసింది చదవండి. నేల తడిగా ఉందా, ట్రాలీ చక్రం విరిగి ఉందా, ఇద్దరు మోయాల్సింది ఒక్కరే మోశారా, అసలు కారణం అందులో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే సంతకం పెట్టకుండా, మీ మాటల్లో మీరే ఒక వాక్యం జత చేయండి. అక్కడికక్కడ కుదరకపోతే ఇంటికెళ్లి ఆ రాత్రే మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టండి: ఎన్ని గంటలకి, ఏ చోట, దేనివల్ల, శరీరంలో ఏ భాగానికి, ఎవరు చూశారు. కోపం, నిందలు వద్దు, ఈ ఐదు సంగతులే. ఆఫీసు ఈమెయిల్ నుంచి పంపితే మీ సొంత ఈమెయిల్‌కి కాపీ పెట్టుకోండి, ఉద్యోగం మానేసిన రోజున ఆఫీసు మెయిల్ తెరుచుకోదు. గాయం వల్ల వరసగా ఏడు రోజులకి మించి మామూలు పని చేయలేకపోతే యజమాని ఆ సంగతి ఆరోగ్య భద్రతా శాఖకి తెలియజేయాలి, చేశారా అని అదే ఈమెయిల్ వరసలో అడగండి.

పేవ్‌మెంట్ మీద రాయి లేచి ఉండి పడితే, కొలత ముఖ్యం. పక్కన స్కేలు గానీ, లేదంటే ఒక పౌండ్ నాణెం నిలబెట్టి గానీ ఫొటో తీయండి, దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, చుట్టుపక్కల షాపులు కనపడేలా ఇంకొకటి. ఎత్తు తేడా సుమారు 20 మిల్లీమీటర్లో ఒక అంగుళమో ఉంటే గానీ కౌన్సిళ్లు (మన మున్సిపాలిటీల్లాంటివి) మామూలుగా దాన్ని ప్రమాదకరమైన లోపంగా చూడవు. "మేం క్రమం తప్పకుండా తనిఖీ చేస్తున్నాం" అని చూపిస్తే 1980 హైవేస్ చట్టం కింద కౌన్సిల్ బయటపడొచ్చు. అందుకని ఆ వీధి తనిఖీ రికార్డులు, పాత ఫిర్యాదులు సమాచార హక్కు కింద అడగాలి, ఇక్కడ కూడా అలాంటి చట్టం ఉంది. ఆలస్యం చేస్తే వాళ్లు వచ్చి రాయి సరిచేసి పోతారు, ఆ తర్వాత మీ ఫొటో ఒక్కటే మిగులుతుంది.

షాపులో, బస్సులో అయితే సీసీటీవీ. చాలాచోట్ల నెల తిరక్కుండానే రికార్డింగ్ చెరిగిపోతుంది. మీరు కనిపించే ఫుటేజీ మీ వ్యక్తిగత సమాచారం, దాన్ని అడిగే హక్కు మీకుంది, ఒక నెలలోపు జవాబివ్వాలి. తేదీ, టైమ్, మీరు వేసుకున్న బట్టల రంగు రాసి, "ఈ రికార్డింగ్ చెరపకండి" అని మొదటి రెండు మూడు రోజుల్లోనే పంపండి.

డాక్టర్ దగ్గర మొత్తం చెప్పండి

అన్నిటికన్నా ఎక్కువ క్లెయిమ్‌లు దెబ్బతినేది ఇక్కడే అని నా అభిప్రాయం. జీపీ, అంటే మనం పేరు నమోదు చేసుకున్న ఫ్యామిలీ డాక్టర్ దగ్గర మనకి ఇచ్చే టైమే పది నిమిషాలు, ఎక్కువ నొప్పి ఉన్నదాని గురించే చెప్పి వచ్చేస్తాం. మోకాలు వాచింది కాబట్టి మోకాలి సంగతి చెప్తాం, నడుము కూడా పట్టేసింది కానీ "అది తగ్గిపోతుందిలే" అనుకుంటాం. ఆరు నెలల తర్వాత మోకాలు తగ్గిపోయి నడుము మిగిలిపోతుంది. అప్పుడు అవతలి ఇన్సూరెన్స్ వాళ్లు మీ మెడికల్ రికార్డు తెరిచి, "నడుము గురించి ఆరు నెలల దాకా ఎక్కడా లేదు, ఇది ఈ ప్రమాదానిది కాదు" అంటారు. వాళ్లకి ఆ మాట అనే అవకాశం మనమే ఇచ్చినట్టు.

కాబట్టి వెళ్లేముందు తల నుంచి పాదాల దాకా ఎక్కడెక్కడ ఏముందో చిన్న చీటీ రాసుకుని వెళ్లండి. నిద్ర పట్టకపోవడం, కారెక్కాలంటే గుండె దడ, మెట్లు చూస్తే భయం, ఇవి కూడా గాయాలే, వీటికీ విలువ ఉంది. లాగుతోందా, పొడుస్తోందా, తిమ్మిరా, మంటా అన్నది ఇంగ్లిష్‌లో సరిగ్గా చెప్పలేకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అడగండి, ఎన్‌హెచ్‌ఎస్ అనే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవలో దానికి మీరు డబ్బు కట్టక్కర్లేదు. కూతురి కానుపుకి వచ్చిన అమ్మలు, అత్తగార్లు సూపర్‌మార్కెట్‌లో జారిపడితే ఇది మరీ ముఖ్యం. "బానే ఉందమ్మా" అని వాళ్లు అన్నది మీరు ఇంగ్లిష్‌లోకి మార్చి డాక్టర్‌కి చెప్పేస్తే రికార్డులో అదే పడుతుంది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఏ అండ్ ఇ (ఎమర్జెన్సీ) విభాగంలో చికిత్స ఉచితమే, వార్డులో చేర్చుకుంటే బిల్లు వేస్తారు. ఆ బిల్లు దాచండి, అది కూడా క్లెయిమ్‌లో భాగమే.

ఇంటికొచ్చాక డైరీ మొదలుపెట్టండి, ఫోన్‌లో అయినా సరే. నేను ఆరు వారాలు అన్నం కలుపుకోలేకపోయాను, ఎడమచేత్తో స్పూన్‌తో తిన్నాను, చొక్కా గుండీలు మా ఆవిడ పెట్టేది, పొద్దున పావుగంట స్నానానికి, రాత్రి పావుగంట కట్టు మార్చడానికి ఆమెకి పట్టేది. అదంతా తేదీలతో రాసి ఉండటం వల్ల లెక్క కట్టగలిగారు. ఇంట్లోవాళ్లు జీతం తీసుకోకుండా చేసిన సేవకి కూడా ఇక్కడి చట్టంలో గంటల లెక్కన పరిహారం ఉంది, మనవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు, భార్య చేసినదానికి డబ్బడగడం ఏమిటని సిగ్గుపడతారు. అడగండి. దానితోపాటు ప్రమాదానికి ముందు కనీసం మూడు నెలల పే స్లిప్‌లు, తర్వాతివి, టాక్సీ రసీదులు, ఫిజియోథెరపీ బిల్లులు, పోయిన ఓవర్‌టైమ్ రోటా స్క్రీన్‌షాట్లు ఒక ఫోల్డర్‌లో వేస్తూ ఉండండి.

గడువు

1980 లిమిటేషన్ చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన రోజు నుంచి మూడేళ్లు. గాయం తర్వాత ఎప్పుడో బయటపడితే, ఫలానావాళ్ల వల్ల ఇది వచ్చిందని మీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్లు. మూడేళ్లలోపు కోర్టులో క్లెయిమ్ నమోదవ్వాలి, ఇన్సూరెన్స్ వాళ్లకి ఉత్తరం రాయడం సరిపోదు, ఈ తేడా తెలియక నష్టపోయినవాళ్లున్నారు. పిల్లలకి 18 నిండాక లెక్క మొదలవుతుంది కాబట్టి 21 దాకా టైమ్ ఉంటుంది, అయితే తల్లిదండ్రులు వాళ్ల తరఫున ముందే వేయొచ్చు, వేస్తేనే మంచిది. విమానంలో గాయమైతే రెండేళ్లే. ఎవరైనా కొట్టి గాయపరిస్తే ప్రభుత్వ పథకానికి దరఖాస్తు చేయడానికి కూడా రెండేళ్లే.

ఏ దారిలో వెళ్లాలి

కారులో కూర్చుని ఉండగా వెనకనుంచి గుద్ది మెడ పట్టేసిందనుకోండి, దీన్నే ఇక్కడ విప్లాష్ అంటారు. 2021 మే 31 నుంచి ఇలాంటి చిన్న గాయాలకి ధరల పట్టిక ఉంది. మూడు నెలల్లోపు తగ్గిపోతే అప్పట్లో 240 పౌండ్లు, ఏడాదిన్నర నుంచి రెండేళ్లు ఉంటే 4,215 పౌండ్లు, 2025 మే 31 నుంచి జరిగిన ప్రమాదాలకి వీటిని సుమారు 15 శాతం పెంచారు. గాయం విలువ 5,000 పౌండ్లు దాటకపోతే అఫీషియల్ ఇంజురీ క్లెయిమ్ అనే వెబ్‌సైట్‌లో మీరే వేసుకోవచ్చు. సొలిసిటర్ పెట్టుకుంటే ఆ ఖర్చు అవతలివాళ్ల నుంచి రాదు కాబట్టి, ఓపిక ఉంటే సొంతంగా చేయడమే లాభం. అవతలి ఇన్సూరెన్స్‌కి తప్పు ఒప్పుకుంటారో లేదో చెప్పడానికి 30 పని దినాలు ఉంటాయి, తర్వాత వైద్య నివేదిక. ఆ నివేదిక రాకుండా విప్లాష్‌ని సెటిల్ చేయడం ఇన్సూరెన్స్ వాళ్లకి నిషేధం, అలా ఎవరైనా ఫోన్‌లో ఆఫర్ ఇస్తే ఒప్పుకోకండి.

సైకిల్ మీద, మోటార్‌సైకిల్ మీద, నడుస్తూ ఉన్నవాళ్లకి ఆ పట్టిక వర్తించదు. ఫుడ్ డెలివరీ చేస్తున్న మన స్టూడెంట్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, వాళ్లకి అదే గాయానికి ఎక్కువ వస్తుంది, సొలిసిటర్ ఖర్చు కూడా చాలావరకు అవతలివాళ్ల మీద పడుతుంది. పనిలో, షాపులో అయిన గాయాలకైతే నొప్పి తాలూకు విలువ 1,500 పౌండ్లు దాటితే సొలిసిటర్ ద్వారా వెళ్లడమే సరైనది.

సొలిసిటర్‌ని పెట్టుకునే ముందు

ముందు మీ ఇంటి ఇన్సూరెన్స్, కారు ఇన్సూరెన్స్ పేపర్లు తీసి లీగల్ ఎక్స్‌పెన్సెస్ కవర్ (లాయర్ ఖర్చు భరించే భాగం) ఉందేమో చూడండి. యూనియన్‌లో సభ్యులైతే అక్కడ అడగండి, కేర్ వర్కర్లకీ నర్సులకీ ఇది బాగా పనికొస్తుంది, మామూలుగా మీ పరిహారంలో కోత లేకుండా చేస్తారు. ఇవేవీ లేకపోతే నో విన్ నో ఫీ. ఓడితే మీ సొలిసిటర్‌కి ఫీజు ఉండదు, గెలిస్తే సక్సెస్ ఫీ తీసుకుంటారు. దానికి చట్టం పెట్టిన హద్దు, నొప్పికి వచ్చినదానిలోనూ అప్పటిదాకా జరిగిన నష్టానికి వచ్చినదానిలోనూ 25 శాతం, భవిష్యత్తు నష్టానికి వచ్చినదాన్ని ముట్టుకోకూడదు. ఉదాహరణకి నొప్పికి 6,000, పోయిన జీతానికి 2,000 వస్తే గరిష్ఠంగా 2,000 పౌండ్లు పోతాయి. ఇన్సూరెన్స్ ప్రీమియం అని ఇంకో కోత కూడా ఉండొచ్చు, దాని గురించి సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగండి. ఓడినా అవతలివాళ్ల ఖర్చులు సాధారణంగా మీ మీద పడవు, 2013 నుంచి ఆ రక్షణ ఉంది, నిజాయితీగా ఉన్నంతవరకే.

"మీకు ఈమధ్య యాక్సిడెంట్ అయిందట కదా" అని వచ్చే ఫోన్ పెట్టేయండి. మీ అనుమతి లేకుండా అలా ఫోన్ చేయడం 2018 నుంచి చట్టవిరుద్ధం. సొలిసిటర్ పేరు సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ జాబితాలో ఉందో లేదో మీరే వెతికి చూసుకోండి.

ఉత్తరం వెళ్లాక

చిన్న కేసులు ఆన్‌లైన్ పోర్టల్‌లో నడుస్తాయి, పెద్దవాటిలో అవతలివాళ్లకి క్లెయిమ్ లెటర్ వెళ్తుంది, 21 రోజుల్లో అందిందని చెప్పాలి, ఆ తర్వాత విచారించడానికి మూడు నెలలు. ఈలోగా ఒక వైద్య నిపుణుడు మిమ్మల్ని చూసి నివేదిక రాస్తాడు. ఆయన కోర్టుకి జవాబుదారీ, మీ పక్షం కాదు, అవతలి పక్షమూ కాదు. రాసిన నివేదిక మీకు పంపుతారు, ప్రతి లైనూ చదవండి, కుడి ఎడమ తారుమారైనా సరే సరిచేయించండి. నొప్పి ఎప్పటికి తగ్గుతుందని ఆయన రాశాడో ఆ గడువు మీద నమ్మకం కుదరకపోతే సెటిల్ చేయకండి, ఒకసారి ఒప్పుకున్నాక మళ్లీ తెరవడం ఉండదు. అవతలివాళ్లు పార్ట్ 36 అనే పద్ధతిలో ఆఫర్ ఇస్తే 21 రోజుల్లో తేల్చుకోవాలి. కాదని కోర్టుకెళ్లి అంతకన్నా ఎక్కువ తెచ్చుకోలేకపోతే, ఆ తర్వాతి ఖర్చులు మీ పరిహారంలోంచే పోతాయి. కాబట్టి ఆ ఆఫర్‌ని కోపంతో కాదనకండి.

మీ తప్పు కొంత ఉంటే ఆ మేరకు తగ్గిస్తారు. సీటు బెల్టు పెట్టుకుని ఉంటే గాయమే అయ్యేది కాదని తేలితే 25 శాతం కోత అని 1975లోనే కోర్టు తేల్చింది. దాచకండి. పెంచి చెప్పడం అంతకన్నా ప్రమాదం. కారులో లేని మరిదిని ఉన్నట్టు రాయించమని సలహా ఇచ్చేవాళ్లు మన సర్కిల్‌లోనే ఉంటారు. 2015 చట్టం ప్రకారం ఒక్క అబద్ధం కేసుకి మూలంలో ఉందని తేలితే నిజమైన గాయానికి రావాల్సిన డబ్బు కూడా మొత్తం పోతుంది, ఖర్చులు మీ మీద పడతాయి, జైలుకి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఇన్సూరెన్స్ వాళ్లు సోషల్ మీడియా చూస్తారు. చెయ్యి ఎత్తలేనని చెప్పి బతుకమ్మ ఆడిన వీడియో పెడితే ఏమవుతుందో ఊహించుకోండి.

వీసా భయం గురించి

యజమాని స్పాన్సర్ చేసిన వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు ఆ యజమాని మీద క్లెయిమ్ అంటేనే వణికిపోతారు, ఆ భయం నాకు తెలుసు. 1969 చట్టం ప్రకారం ప్రతి యజమానికీ కనీసం 50 లక్షల పౌండ్ల ఇన్సూరెన్స్ ఉండి తీరాలి, బహుకొద్ది మినహాయింపులు తప్ప. డబ్బిచ్చేది ఆ కంపెనీ, మీ మేనేజర్ జేబులోంచి కాదు. పరిహారం పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వం ఇచ్చే భత్యాలు) కిందికి రాదు, కాబట్టి పబ్లిక్ ఫండ్స్ తీసుకోకూడదన్న వీసా షరతుకీ దీనికీ సంబంధం లేదు. గాయానికి వచ్చిన పరిహారం మీద ఇక్కడ ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా లేదు. ఎవరైనా చనిపోతే 1976 ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద వాళ్ల మీద ఆధారపడిన భార్య, పిల్లలు, తల్లిదండ్రులు అడగొచ్చు, వాళ్లు గుంటూరులో ఉన్నా కరీంనగర్‌లో ఉన్నా సరే. ఇక్కడి నుంచి నెలనెలా పంపిన డబ్బుల బ్యాంకు రసీదులు అప్పుడు పెద్ద ఆధారం.

మధ్యలో ఇండియా వెళ్లిపోవాల్సి వచ్చినా క్లెయిమ్ కొనసాగుతుంది, డాక్టర్‌తో వీడియో కాల్‌లో మాట్లాడించొచ్చు. వెళ్లేముందు జీపీ నుంచి మీ రికార్డు కాపీ తీసుకోండి, సొలిసిటర్‌కి ఇండియా నంబర్ ఇవ్వండి. ఇక్కడి బ్యాంకు ఖాతా, డబ్బు పడి మీరు దాన్ని తీసుకునే దాకా, మూసేయకండి.